కెర్నల్‌లో హద్దుల లెక్క: కేటాయింపు నుంచి విడుదల దాకా

లినక్స్ నడుస్తున్న పీసీలో ‘ప్రాక్’ డైరెక్టరీ కింద ఐఓపోర్ట్స్, ఐఓమెమ్ అని రెండు ఫైళ్లుంటాయి. రూట్ అధికారంతో మొదటిది తెరిస్తే పోర్టుల చిట్టా కనిపిస్తుంది. ఇంటెల్ తరహా యంత్రంలో పోర్టు చిరునామాలు మొత్తం 65,536. హెక్సా లెక్కలో 20, 21 పాత ఇంటరప్ట్ కంట్రోలర్‌వి. 40 నుంచి 43 దాకా టైమర్‌వి. 60, 64 కీబోర్డువి. 70, 71 గడియారం చిప్‌వి. 3ఎఫ్8 నుంచి 3ఎఫ్ఎఫ్ దాకా ఉన్న ఎనిమిదీ మొదటి సీరియల్ పోర్టువి. రెండో ఫైలు మెమరీ చిరునామాల పటం. ఫలానా చోటి నుంచి ఫలానా చోటి దాకా సిస్టమ్ ర్యామ్, అందులో ఒక ముక్క కెర్నల్ కోడ్, ఇంకో ముక్క కెర్నల్ డేటా. మరో చోట పీసీఐ బస్సు, దాని లోపల గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్ కార్డు, ఎన్‌వీఎంఈ డిస్కు. వరుస కుడివైపు జరిగిన కొద్దీ ఒకదాని కడుపులో ఒకటి ఉన్నట్టు లెక్క. రూట్ కాని వాళ్లు ఐఓమెమ్ తెరిస్తే 2016 నుంచి చిరునామాల చోట సున్నాలే కనిపిస్తాయి. కెర్నల్ మెమరీలో ఎక్కడ కూర్చుందో తెలిస్తే దాడి చేసేవాడికి సగం పని అయిపోయినట్టే కాబట్టి ఆ జాగ్రత్త.

ఈ పటం వెనక ఉన్న ప్రశ్న ఆపరేటింగ్ సిస్టమ్ ఎంత పాతదో అంత పాతది. చిరునామాల్లో ఏ భాగం ఎవరి చేతిలో ఉంది, దాన్ని ఎవరు ఎప్పుడు తీసుకోవాలి, ఎప్పుడు వదలాలి? మామూలు మెమరీ కేటాయింపుతో దీన్ని కలపకూడదు. ర్యామ్‌లో ఒక పేజీ బదులు ఇంకో పేజీ ఇచ్చినా అడిగినవాడికి తేడా పడదు. 3ఎఫ్8 దగ్గర సీరియల్ చిప్ ఉన్నప్పుడు దాని డ్రైవర్‌కు 3ఎఫ్8 మాత్రమే కావాలి, పక్క చిరునామా ఇస్తే పనికిరాదు. పీసీఐ కార్డు సంగతి ఇంకోలా ఉంటుంది. దానికి ఇంత సైజు, ఇంత అలైన్‌మెంట్ ఉన్న ఖాళీ ఎక్కడ దొరికినా సరే. దొరికాక ఆ చిరునామాను కార్డులోనే రాసేస్తారు, అప్పటి నుంచి అది దాని సొంత స్థలం. అంటే ఒకే పట్టికలో రెండు రకాల బేరాలు జరుగుతున్నాయి. “ఇదే కావాలి” అనేది ఒకటి, “ఇంత కావాలి, ఎక్కడైనా ఫరవాలేదు” అనేది ఇంకొకటి.

ఈ పట్టిక హార్డ్‌వేర్‌ను తాకదు. పహాణీలో ఒక సర్వే నంబరు ఒకరి పేరున ఉన్నంత మాత్రాన పొలం చుట్టూ కంచె మొలవదు. ఇక్కడా అంతే, ఒక రీజియన్ ఫలానా డ్రైవర్ పేరున నమోదైనా ఇంకో డ్రైవర్ ఆ రిజిస్టర్లలో రాయకుండా ప్రాసెసర్ అడ్డుకోదు. అందరూ రాయడానికి ముందు పుస్తకం చూస్తారన్న ఒప్పందమే ఏర్పాటు మొత్తాన్ని నిలబెడుతోంది. ఆ ఒప్పందంలో తీసుకునే వైపు చిక్కులు ఇరవై అయిదేళ్ల కిందటే దాదాపు తీరిపోయాయి. తిరిగిచ్చే వైపు మాత్రం ఈనాటికీ తేలలేదు. నా దృష్టిలో ఈ విషయానికి ప్రాణం అక్కడే ఉంది కాబట్టి ఈ సమీక్షలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

మొదటి నుంచి చూద్దాం. 1975 నాటి యునిక్స్ ఆరో ఎడిషన్‌లో అసలు మెమరీకి ఒకటి, స్వాప్ డిస్కుకు ఒకటి చొప్పున రెండు పట్టికలుండేవి. ఖాళీగా ఉన్న ప్రతి ముక్కకు సైజు, మొదలు అని రెండు అంకెలు, చిరునామా క్రమంలో ఒక అరే. అడిగినప్పుడు మొదట సరిపోయిన ముక్క నుంచి కోసి ఇవ్వడం, వదిలినప్పుడు పక్క ముక్కలతో కలిపేయడం. ఎంఫ్రీ అనే ఆ విడుదల ఫంక్షన్ చిన్నదే, జాన్ లయన్స్ 1977 నాటి వ్యాఖ్యానం ద్వారా ఒక తరం విద్యార్థులు దాన్ని చదువుకున్నారు. అందులో దాగిన చిక్కు చూడండి. వదిలిన ముక్కకు పక్కన కలవడానికి ఖాళీ లేకపోతే పట్టికలో కొత్త వరుస రాయాలి. అరే సైజు మాత్రం ముందే నిర్ణయమైపోయింది. అది నిండితే ఏం చేయాలి? తర్వాత బర్క్‌లీ యునిక్స్ దీనికి నిజాయితీగా సమాధానం చెప్పింది. పట్టిక పొంగిపోయిందని, ఫలానా నుంచి ఫలానా దాకా పోయిందని ఒక సందేశం ముద్రించి ముందుకు సాగింది. ఎవరూ వాడని స్థలం, ఎవరికీ దొరకని స్థలం. తిరిగి ఇచ్చేటప్పుడే వనరు పోగొట్టుకున్నాం అన్నమాట. వదలడానికి కూడా కాస్త చోటు కావాలన్న ఈ చేదు నిజం తర్వాతి నలభై ఏళ్లలో వేరే వేరే వేషాల్లో మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

లినక్స్ తొలినాళ్లలో ఈ పట్టిక పోర్టులకే పరిమితం. 2.0, 2.2 వెర్షన్లలో 128 వరుసల స్థిరమైన పట్టిక ఉండేది, ఒక్కో వరుసలో మొదలు, ఎన్ని, ఎవరి పేరు అన్న మూడు వివరాలు. డ్రైవర్ ముందు చెక్ రీజియన్ అని అడిగేది. ఖాళీయే అన్న జవాబు వస్తే హార్డ్‌వేర్‌ను తట్టి చూసి, తర్వాత రిక్వెస్ట్ రీజియన్ అని పేరు రాయించుకునేది. ఆ రెండో పిలుపు ఏ ఫలితమూ తిరిగి చెప్పేది కాదు. ఒకే ప్రాసెసర్ ఉన్న రోజుల్లో, డ్రైవర్లు ఒకదాని తర్వాత ఒకటి లేచే రోజుల్లో ఇది నడిచింది. రెండు ప్రాసెసర్లు వచ్చి, మాడ్యూళ్లు ఏ క్షణంలోనైనా లోడయ్యే కాలానికి చూడటానికీ తీసుకోవడానికీ మధ్య సందు ఏర్పడింది. ఇద్దరూ ఖాళీ అని చూస్తారు, ఇద్దరూ తీసుకుంటారు. మందు తెలిసిందే: చూడటం, తీసుకోవడం ఒకే అడుగులో జరగాలి, కుదరకపోతే ఆ అడుగే కుదరలేదని చెప్పాలి. 2.4 నాటికి రిక్వెస్ట్ రీజియన్ విజయమైతే ఒక పాయింటర్, ఓటమైతే శూన్యం ఇవ్వడం మొదలుపెట్టింది. చెక్ రీజియన్‌ను వాడవద్దని ప్రకటించి, చాలా ఏళ్ల పాటు డ్రైవర్లను ఒక్కొక్కటిగా సరిదిద్ది, చివరికి తీసేశారు.

ఆ మార్పుకు పునాది 1999లో పడింది. లినస్ టోర్వాల్డ్స్, మార్టిన్ మారెస్ పేర్లతో రిసోర్స్ డాట్ సీ అనే ఫైలు కొత్త రూపం తెచ్చుకుంది. దాని కేంద్రంలో ఉన్న స్ట్రక్చర్ ఎంత పొదుపైనదంటే, మొదలు, ముగింపు, పేరు, ఫ్లాగులు, తల్లి, తోబుట్టువు, బిడ్డ అన్నవే ఆనాటి వివరాలన్నీ. పోర్టులకు ఒక చెట్టు, మెమరీకి ఒక చెట్టు. ముగింపు చిరునామా కూడా రీజియన్‌లో భాగమే. దీన్ని మరిచి సైజు లెక్కలో ఒకటి అటూ ఇటూ చేసిన డ్రైవర్లకు కొదవలేదు. తోబుట్టువులు చిరునామా క్రమంలో గొలుసుగా ఉంటాయి, ఒకదానిపై ఒకటి పడవు. బిడ్డ తల్లి హద్దు దాటదు.

చెట్టు ఎందుకు? పీసీఐ వల్ల. బ్రిడ్జి వెనక ఉన్న కార్డులన్నీ ఆ బ్రిడ్జి కిటికీ లోపలే ఇమడాలి. మెమరీ కిటికీలు 1 ఎంబీ మెట్లలో, పోర్టు కిటికీలు 4 కేబీ మెట్లలో ఉంటాయి. కార్డుకు ఎంత స్థలం కావాలో తెలుసుకునే పద్ధతి కూడా ముచ్చటైనది. దాని బేస్ అడ్రస్ రిజిస్టర్లో అన్నీ ఒకట్లు రాసి తిరిగి చదివితే, ఏ బిట్లు మారకుండా సున్నాలుగా నిలిచాయో దాన్ని బట్టి సైజు తేలుతుంది. ఈ సైజులన్నీ కూడి బ్రిడ్జి కిటికీ, కిటికీలు కూడి పై బ్రిడ్జి కిటికీ. హార్డ్‌వేరే చెట్టులా ఉన్నప్పుడు లెక్క పుస్తకం వరుసగా ఉంటే కుదరదు.

డ్రైవర్ అడిగినప్పుడు కెర్నల్ లాక్ పట్టుకుని చెట్టు దిగుతుంది. అడిగిన హద్దులకు అడ్డొచ్చిన నోడ్ ‘బిజీ’ కాకపోతే, అంటే అది బ్రిడ్జి కిటికీ లాంటి ఆవరణ మాత్రమే అయితే, దాని లోపలికి దిగి మళ్లీ ప్రయత్నిస్తుంది. బిజీ నోడ్ తగిలితే లేదు పొమ్మంటుంది. ఒక మినహాయింపు ఉంది. మదర్‌బోర్డు మీద ఉష్ణోగ్రత, ఫ్యాన్లు, వాచ్‌డాగ్ లాంటి పనులన్నీ చూసే సూపర్ ఐఓ చిప్‌కు హెక్సా 2ఈ, 2ఎఫ్ అనే రెండు పోర్టులే ద్వారం. పలు డ్రైవర్లు వంతులవారీగా ఆ ద్వారం దాటాలి. అలాంటి చోట ఓటమి చెప్పకుండా ముందువాడు వదిలేదాకా నిద్రపుచ్చే ‘మక్స్‌డ్’ రకం రీజియన్లు తర్వాత చేరాయి. ఇక్కడ విడుదల అంటే కొట్టివేత మాత్రమే కాదు, వేచి ఉన్నవాడిని లేపడం కూడా.

తీసుకునే కథ ఇంతటితో చాలు. వదిలే కథకు వద్దాం.

రిలీజ్ రీజియన్ రాసిన తీరులో ఒక కఠిన నియమం ఉంది. ఏ హద్దులతో తీసుకున్నారో సరిగ్గా ఆ హద్దులతోనే వదలాలి. ఒక్క బైటు తేడా వచ్చినా, లేని రీజియన్‌ను వదలడానికి ప్రయత్నిస్తున్నారని లాగ్‌లో హెచ్చరిక పడుతుంది, నోడ్ అలాగే ఉండిపోతుంది. ఈ నియమం సరైనదే. సుమారుగా వదలనిస్తే ఇంకొకరి స్థలం పోతుంది. దాని ఫలితం మాత్రం డ్రైవర్ రచయిత మీద పడింది. డివైస్ దొరికినప్పుడు నడిచే డ్రైవర్ ప్రోబ్ ఫంక్షన్ వరుసగా రీజియన్ తీసుకుంటుంది, దాన్ని వర్చువల్ చిరునామాకు మ్యాప్ చేస్తుంది, ఇంటరప్ట్ నమోదు చేస్తుంది, డీఎంఏ బఫర్లు తీసుకుంటుంది. నాలుగో అడుగు విఫలమైతే మూడు, రెండు, ఒకటి అని వెనక్కి విప్పుకుంటూ రావాలి. అందుకే పాత డ్రైవర్ల చివర గోటూ లేబుళ్ల మెట్లు కనిపిస్తాయి. మామూలుగా ఆ మెట్ల మీద ఎవరూ నడవరు. నడిచే రోజు వచ్చినప్పుడు ఒక మెట్టు లేదని తేలుతుంది. డ్రైవర్ మళ్లీ లోడ్ చేస్తే ‘బిజీ’ అంటుంది, రీబూట్ తప్ప దారి ఉండదు.

యూజర్ ప్రోగ్రాముకు ఈ బాధ లేదు. ప్రాసెస్ చనిపోతే అది తెరిచిన ఫైళ్లు, పట్టుకున్న మెమరీ అన్నీ కెర్నల్ వెనక్కి తీసుకుంటుంది, ఎందుకంటే ప్రాసెస్ పేరున చిట్టా ఉంది. డ్రైవర్ కెర్నల్‌లోనే భాగం కాబట్టి దాని తర్వాత ఇల్లు సర్దే పెద్ద ఎవరూ లేరు. 2006లో టేజున్ హియో రాసి, 2007లో 2.6.21 వెర్షన్‌లో చేరిన డెవ్‌రెస్ ఆ లోటు చూసింది. డిస్కు డ్రైవర్ల సముదాయమైన లిబ్‌ఏటీఏలో పని చేస్తూ ఆయన దీనికి వచ్చారు. నేటివ్ మోడ్‌లోని మామూలు పీసీఐ ఐడీఈ కంట్రోలర్‌కే అయిదు బేస్ అడ్రస్ రిజిస్టర్ల లెక్క చూసుకోవాలి, అయిదింటినీ డ్రైవర్ రచయిత గుర్తుపెట్టుకుని విప్పాలి. డెవ్‌రెస్‌లో ప్రతి డివైస్‌కూ ఒక చిట్టా ఉంటుంది. ‘డెవ్‌ఎమ్’ అనే ముందుమాటతో మొదలయ్యే ఫంక్షన్ల ద్వారా తీసుకున్నదల్లా అందులో చేరుతుంది. ప్రోబ్ విఫలమైనా, డివైస్ నుంచి డ్రైవర్ విడిపోయినా కెర్నలే ఆ చిట్టాను చివరి నుంచి మొదటికి విప్పుతుంది. రీజియన్ తీసుకోవడం, మ్యాప్ చేయడం రెండూ ఒకే పిలుపులో చేసే ఫంక్షన్లు తర్వాత వచ్చాయి. ఈ ఒక్క ఆలోచనతో కెర్నల్ నుంచి మాయమైన దోషాలు లెక్కకు అందవు. కెర్నల్‌లో నాకు అత్యంత ప్రియమైన మార్పుల్లో ఇది ఒకటి.

అయినా దీనికి రెండు పగుళ్లున్నాయి. చిన్నది మొదట. సగం చేతితో, సగం డెవ్‌రెస్‌తో నడిపితే వరుస తప్పుతుంది. డ్రైవర్ తన రిమూవ్ ఫంక్షన్లో బఫర్‌ను చేతితో వదిలేస్తుంది, ఇంటరప్ట్ మాత్రం డెవ్‌రెస్ చిట్టాలో ఉంది, అది ఆ తర్వాత గానీ విడిపోదు. ఈ రెంటి మధ్య సందులో ఇంటరప్ట్ వస్తే హ్యాండ్లర్ వదిలేసిన మెమరీని తాకుతుంది.

పెద్దది మౌలికమైనది. డెవ్‌రెస్ ఆయుష్షును డివైస్, డ్రైవర్ కలిసి ఉన్న కాలంతో కట్టింది. యూజర్ ప్రోగ్రామ్ తెరిచి పట్టుకున్న డివైస్ ఫైలు ఆ కాలాన్ని దాటి బతుకుతుంది. యూఎస్‌బీ కెమెరాను వీడియో నడుస్తుండగా లాగేశారనుకోండి. డ్రైవర్ విడిపోతుంది, డెవ్‌రెస్ అన్నీ వదిలేస్తుంది, అప్లికేషన్ చేతిలో ఫైలు ఇంకా తెరిచే ఉంటుంది. అది తర్వాత చేసే పిలుపు వదిలేసిన స్ట్రక్చర్ మీదికి వెళుతుంది. 2022 లినక్స్ ప్లంబర్స్ సదస్సులో లారాన్ పాంషార్ ఈ సంగతి మీదే ప్రసంగించారు, డెవ్‌రెస్ ద్వారా మెమరీ తీసుకోవడం హానికరమన్నారు. అది డెవ్‌రెస్ మీద పూర్తి తీర్పు కాదని నేననుకుంటాను. రీజియన్, ఇంటరప్ట్ లాంటి హార్డ్‌వేర్ వనరులకు డివైస్‌తో పాటే పోవడం సహజం, వాటికి డెవ్‌రెస్ సరైన చోటు. యూజర్ వైపు నుంచి చేరుకోగల డేటా స్ట్రక్చర్‌కు రిఫరెన్స్ లెక్కింపు కావాలి. చిక్కల్లా, రెంటికీ ఒకే ముందుమాట ఉన్న ఫంక్షన్లు అందుబాటులో ఉండటం. తేలికగా చేతికందే దాన్నే అందరూ వాడతారు.

ఇక్కడ ఒక వాడుక గురించి చెప్పాలి. ఎంబెడెడ్ బోర్డుల మీద పనిచేసేవాళ్లకు, హైదరాబాద్‌లోని చిప్ కంపెనీల డ్రైవర్ టీముల్లో ఉన్న మనవాళ్లకు కూడా, ‘రీజియన్ అడగలేకపోయాను’ అన్న సందేశం చిరపరిచితం. బోర్డు హార్డ్‌వేర్‌ను కెర్నల్‌కు వివరించే డివైస్ ట్రీలో రెండు నోడ్ల హద్దులు ఒకదానిపై ఒకటి పడ్డాయని దాని అర్థం. చాలామంది చేసే పని, అడగడం మానేసి నేరుగా మ్యాప్ చేసుకోవడం. సందేశం పోతుంది, డ్రైవర్ లేస్తుంది. ఇద్దరు ఒకే రిజిస్టర్‌ను చదివి, మార్చి, రాసే చోట ఒకరి బిట్లను ఇంకొకరు చెరిపే ప్రమాదం అలాగే మిగులుతుంది. పంచుకోక తప్పని రిజిస్టర్లకు సిస్కాన్, రెగ్‌మ్యాప్ అనే దారి ఉంది. ఆ బ్లాకుకు ఒకే యజమాని, ఒకే లాక్, మిగతావాళ్లు అతని ద్వారానే వెళతారు. పని ఎక్కువే, కానీ పుస్తకంలో పేరు రాయించుకోకుండా పొలం దున్నే అలవాటును మాన్పించాలంటే ఇదే దారి.

వదిలిన రీజియన్ గురించి ఎవరో ఒకరు మరిచిపోకపోతే ఏమవుతుందో 2008లో ప్రపంచం చూసింది. ఆ ఏడాది 2.6.27 కెర్నల్ ప్రయోగ దశలో ఉండగా కొందరి ల్యాప్‌టాప్‌లలో ఇంటెల్ నెట్‌వర్క్ చిప్‌లు పనికిరాకుండా పోయాయి. ఈ1000ఈ అనే డ్రైవర్ నడిపే చిప్‌లవి. చిప్ సెట్టింగులు దాచుకునే శాశ్వత మెమరీ చెడిపోతోంది. రీబూట్ చేసినా, పాత కెర్నల్‌కు తిరిగి వెళ్లినా కార్డు తిరిగి రావడం లేదు. మొదట డ్రైవర్‌నే అనుమానించారు. గ్రాఫిక్స్ ప్రోగ్రాములు, భౌతిక చిరునామాలను నేరుగా అందించే ‘డెవ్ మెమ్’ ఫైలు ద్వారా కార్డు రిజిస్టర్లను కదిపాయేమో అనుకున్నారు. తాత్కాలికంగా శాశ్వత మెమరీకి రాత నిషేధం పెట్టారు. అసలు దోషి వీటితో ఏ సంబంధమూ లేని చోట దొరికింది.

ఎఫ్‌ట్రేస్ అనే ట్రేసింగ్ వ్యవస్థ ప్రతి ఫంక్షన్ మొదట్లో ఉండే ఒక పిలుపు చిరునామాను రాసిపెట్టుకునేది, తర్వాత తీరిగ్గా ఆ చోట ఉన్న ఇన్‌స్ట్రక్షన్‌ను మార్చేది. మాడ్యూల్ లేచేటప్పుడు ఒక్కసారి నడిచే ఇనిట్ కోడ్ చిరునామాలు కూడా ఆ చిట్టాలో చేరాయి. మాడ్యూల్ లేచాక ఆ కోడ్ ఉన్న మెమరీని కెర్నల్ విడుదల చేసింది. ఎఫ్‌ట్రేస్ చిట్టాలో మాత్రం ఆ చిరునామాలు ఉండిపోయాయి. ఖాళీ అయిన వర్చువల్ చిరునామాలు తర్వాత నెట్‌వర్క్ చిప్ రిజిస్టర్లను మ్యాప్ చేయడానికి వెళ్లాయి. ఎఫ్‌ట్రేస్ తన చిట్టా ప్రకారం అక్కడికొచ్చి, అనుకున్న ఇన్‌స్ట్రక్షన్ ఉందేమో పోల్చి ఉంటేనే మార్చే ఆదేశం వాడింది. జాగ్రత్తపరుడు చేసే పనే. అయితే ఇంటెల్ ప్రాసెసర్లో ఆ పోల్చి మార్చే ఆదేశం పోలిక కుదరకపోయినా ఒకసారి రాస్తుంది, చదివిన విలువనే తిరిగి రాస్తుంది. ర్యామ్‌లో అది ఎవరికీ తెలియదు. ఫ్లాష్‌ను నడిపే రిజిస్టర్ మీద ఆ రాతే ఒక ఆదేశమైంది. 2.6.27 విడుదలైన కొద్ది రోజులకే, అదే అక్టోబరులో, డైనమిక్ ఎఫ్‌ట్రేస్‌ను కట్టేయడమే పనిగా 2.6.27.1 వచ్చింది.

ఈ సంఘటనలో కేటాయింపు సరిగానే జరిగింది, విడుదల కూడా సరిగానే జరిగింది. పట్టిక మాట నమ్మితే ఏ తప్పూ లేదు. పట్టిక బయట, ఆ చిరునామాను గుర్తుపెట్టుకున్న మూడో మనిషికి కబురు అందలేదు. విడుదల అంటే పుస్తకంలో కొట్టివేత అనుకున్నంత కాలం ఇలాంటివి పుడుతూనే ఉంటాయి.

ఆ వేట ఒక మంచి మార్పును మిగిల్చి వెళ్లింది. డ్రైవర్ తనదని నమోదు చేసుకున్న రీజియన్‌ను యూజర్ ప్రోగ్రాములు డెవ్ మెమ్ ద్వారా తాకకుండా ‘ఎక్స్‌క్లూజివ్’ ఫ్లాగ్‌ను అర్యాన్ వాన్ డె వెన్ చేర్చారు. పుస్తకానికి మొదటిసారి కాస్త కంచె బలం వచ్చింది. అందులోనూ ఒక సందు మిగిలింది. డ్రైవర్ రాకముందే ఒక ప్రోగ్రామ్ ఆ చిరునామాలను మ్యాప్ చేసుకుని ఉంటే? తర్వాత డ్రైవర్ నమోదు చేసుకున్నా పాత మ్యాపింగ్ బతికే ఉండేది. 2020లో 5.8 వెర్షన్‌కు డాన్ విలియమ్స్ చేసిన మార్పుతో, డ్రైవర్ రీజియన్‌ను అడిగిన క్షణంలోనే పాత మ్యాపింగులను కెర్నల్ పీకేయడం మొదలైంది. చేతిలో ఉన్నదాన్ని మర్యాదగా అడిగి కాక, బలవంతంగా వెనక్కి తీసుకోవడం. ఈ ధోరణి ముఖ్యమైనది, దీనికి మళ్లీ వస్తాను.

బర్క్‌లీ యునిక్స్‌లో చూసిన పాత చిక్కు మెమరీ హాట్‌ప్లగ్‌తో కొత్త వేషంలో వచ్చింది. నడుస్తున్న సర్వర్ నుంచి కొంత ర్యామ్ తీసేయాలి. చెట్టులో అది ఒకే పెద్ద ‘సిస్టమ్ ర్యామ్’ నోడ్‌గా ఉండొచ్చు, తీసేది మధ్య ముక్క కావచ్చు. అప్పుడు ఒక నోడ్ రెండు కావాలి, కొత్త నోడ్‌కు మెమరీ కావాలి. మెమరీ తగ్గించే పనిలో మెమరీ అడగడం! తీసుకున్న హద్దులతోనే వదలాలన్న నియమాన్ని ఇక్కడ సడలించి, హద్దులు సర్దుకునే విడుదల ఫంక్షన్ 2013లో వచ్చింది. విడుదల మధ్యలో విఫలమైతే వెనక్కి పోవడానికి దారి ఉండదు కాబట్టి, ఎప్పటికీ విఫలం కాని విధంగా దాన్ని 2020లో మార్చారు. అందుకోసం మెమరీ దొరికేదాకా వదలని రకం కేటాయింపు వాడారు. ఇదే ఫైల్లో ఇంకో చోట మరీ ముక్కుసూటి నిర్ణయం ఉంది. బూట్ తొలిదశలో, మామూలు అలొకేటర్ లేవక ముందు తీసుకున్న నోడ్లను తర్వాత విడుదల చేయాల్సి వస్తే, వాటిని అలా వదిలేస్తారు. పూర్తి పేజీలు కాని ఆ చిన్న ముక్కలను తిరిగి చేర్చే కోడ్ రాస్తే లాభం కన్నా గందరగోళం ఎక్కువని కోడ్ వ్యాఖ్యలోనే రాసుకున్నారు. తెలిసి చేసిన చిన్న నష్టం అది. నేను దీన్ని సమర్థిస్తాను.

మిగతా వ్యవస్థలు ఇదే ప్రశ్నను ఎలా తేల్చాయో చూస్తే లినక్స్ ఎంపికలు ఇంకా స్పష్టమవుతాయి. ఫ్రీబీఎస్‌డీలోని ఆర్‌మ్యాన్ 1998లో ఎమ్ఐటీలో గారెట్ వోల్మన్ చేతుల మీదుగా పుట్టింది. అందులో ఖాళీ ముక్కలకు కూడా నోడ్లుంటాయి. కోయాల్సిన భారమంతా తీసుకునే వైపే పడుతుంది, విడుదలలో కలపడమే ఉంటుంది, కొత్తగా మెమరీ అడగాల్సిన పనిలేదు. విఫలమైతే ముందే విఫలం కానివ్వండన్న ఈ తూకం నాకు లినక్స్ చెట్టు కన్నా తెలివైనదిగా కనిపిస్తుంది. అక్కడ రీజియన్ రిజర్వ్ చేయడం, దాన్ని వాడకంలోకి తేవడం వేర్వేరు అడుగులు. ఇంకా ఎవరి చేతిలోనైనా ముక్క మిగిలి ఉంటే మేనేజర్‌ను మూసేయడానికి కెర్నల్ ఒప్పుకోదు, బిజీ అంటుంది.

సొలారిస్‌లో జెఫ్ బాన్విక్, జోనథన్ ఆడమ్స్ నిర్మించి 2001 యూజ్‌నిక్స్ సదస్సులో వివరించిన వీమెమ్ ఇంకా సాధారణమైన పరికరం. పూర్ణాంకాల ఏ పరిధినైనా, అది వర్చువల్ చిరునామాలైనా, ప్రాసెస్ నంబర్లైనా, ఒకే యంత్రాంగంతో పంచిపెడుతుంది. ఒక్కో అరీనా తన పై అరీనా నుంచి పెద్ద ముక్కలు తెచ్చుకుని చిల్లరగా ఇస్తుంది, వదిలినవి కలిసి నిండితే పైకి తిరిగిస్తుంది. సైజుల వారీ ఖాళీ జాబితాలు, హద్దు గుర్తులు ఉండటంతో ఎన్ని ముక్కలున్నా వేగం తగ్గదు. తర్వాత నెట్‌బీఎస్‌డీ, ఫ్రీబీఎస్‌డీ కూడా ఆ పద్ధతి తీసుకున్నాయి. దీనితో పోలిస్తే లినక్స్ చెట్టులో తోబుట్టువుల గొలుసును వరుసగా నడవాల్సిందే. రీజియన్లు వందల్లో ఉండే పనికి అది చాలు. ఒక చిరునామా ర్యామేనా కాదా అని పదే పదే అడిగే పనులకు ఇదే చెట్టును వాడినప్పుడు మాత్రం నడక భారం బయటపడింది, అక్కరలేని నడకలు తగ్గించే సవరణలు 2019లో చేరాయి.

విండోస్ వేరే దారి పట్టింది. ప్లగ్ అండ్ ప్లే మేనేజర్ చేతిలో మధ్యవర్తులుంటారు. కొత్త డివైస్‌కు చోటు లేకపోతే, నడుస్తున్న డివైస్‌లను ఆగమని అడిగి, అవి ఒప్పుకుంటే వాటి స్థలాలు మార్చి, మళ్లీ మొదలుపెట్టే వీలుంది. డ్రైవర్ కుదరదని చెప్పవచ్చు. అందరూ కుదరదంటే డివైస్ మేనేజర్‌లో చాలామంది చూసి ఉండే కోడ్ 12 వస్తుంది, సరిపడా ఖాళీ వనరులు దొరకలేదని. లినక్స్‌లో నడుస్తున్న కార్డును ఇలా జరిపే సాధారణ ఏర్పాటు లేదు. థండర్‌బోల్ట్ పెట్టెలో గ్రాఫిక్స్ కార్డు తగిలించినప్పుడు బ్రిడ్జి కిటికీ చిన్నదైతే, చోటు లేదన్న ఒక వరుస లాగ్‌లో పడి ఊరుకుంటుంది. ముందే పెద్ద కిటికీలు ఉంచమని బూట్ పారామీటర్లలో చెప్పుకోవాలి. విండోస్ పద్ధతిలో క్లిష్టత ఎక్కువే, అయినా ఈ ఒక్క విషయంలో అది లినక్స్ కన్నా ముందుంది.

విడుదలను మనిషి జ్ఞాపకం నుంచి తప్పించే ప్రయత్నాలు ఇప్పుడు రెండు దిక్కుల నుంచి వస్తున్నాయి. సీ భాషలోనే, కంపైలర్ ఇచ్చే క్లీనప్ సదుపాయంతో, ఒక వేరియబుల్ తన పరిధి దాటగానే దాని విడుదల దానంతటదే జరిగే పద్ధతిని పీటర్ జైల్‌స్ట్రా 2023లో 6.5 వెర్షన్‌లోకి తెచ్చారు. గోటూ మెట్లకు ఇది మంచి ప్రత్యామ్నాయమే, కానీ ఒక ఫంక్షన్ పరిధిలో తీరే ఆయుష్షులకే.

రెండోది రస్ట్. 2022 డిసెంబరులో 6.1 వెర్షన్‌తో కెర్నల్‌లోకి వచ్చిన రస్ట్ వైపు, డివైస్ వనరులను ‘రివోకబుల్’ అనే తొడుగులో ఉంచే ఏర్పాటు ఉంది. డ్రైవర్ చేతిలో ఉండేది రిజిస్టర్ల నేరు పాయింటర్ కాదు, వాటిని చేరుకోవడానికి అనుమతి అడిగే వస్తువు. అడిగిన ప్రతిసారీ డివైస్ ఇంకా కట్టుబడి ఉందా అని చూస్తారు. డివైస్ విడిపోయేటప్పుడు కెర్నల్ అనుమతిని రద్దు చేసి, అప్పటికే లోపల ఉన్నవాళ్లు బయటికొచ్చేదాకా ఆగి, ఆ తర్వాతే రీజియన్ వదులుతుంది. తెరిచి ఉన్న ఫైలు ద్వారా ఆలస్యంగా వచ్చిన పిలుపుకు చెడిన మెమరీ తగలదు, లేదన్న జవాబు దొరుకుతుంది. డెవ్ మెమ్ మ్యాపింగులను పీకేయడంలో చూసిన ఆలోచనే ఇక్కడ భాష నియమంగా మారింది. వదలమని అందరినీ నమ్మే బదులు, వదిలాక ఎవరూ తాకలేకుండా చేయడం. దీని ఖరీదు ప్రతి రిజిస్టర్ అందుబాటుకు ఒక చిన్న తనిఖీ. డివైస్ కట్టుబడి ఉందని కంపైలర్‌కే రుజువయ్యే చోట్ల ఆ తనిఖీ కూడా అక్కరలేదు. పీసీఐ, ప్లాట్‌ఫామ్ డ్రైవర్లు రస్ట్‌లో రాసేవాళ్లకు ఇది ఇప్పుడు అందుబాటులో ఉంది. సీలో ఉన్న వేలాది డ్రైవర్లకు మాత్రం తెరిచిన ఫైలుకూ విడిపోయిన డివైస్‌కూ మధ్య ఆ తనిఖీని ఒక్కో సబ్‌సిస్టమ్ తన పద్ధతిలో తానే రాసుకోవాల్సి వస్తోంది.